తొమ్మిదో గుడ్డు

వఫ్రాలో, టమాటా పందిళ్లకు ఆవల,
పదకొండు పెట్టలు, ఒక పుంజు, నేను.
పొద్దున తట్టలో మూడే గుడ్లు.

"వేన్ బేద్, నాగూరమ్మా?"
గుడ్లు యాడ అని మామా అడుగుతాది.
మామూలుగానే అడుగుతాది,
చూపు మాత్రం పక్క తోటలో
బంగ్లా పిల్లోళ్ల పొయ్యి మీదికి పోయొస్తాది.
అమ్ముకున్నావని నోరు తెరిచి అనలేదు.
అనుంటే బాగుండు, జవాబు చెప్పేదాన్ని.

వెతికినా.
తిరగని డాట్సన్ కింద, టైరు బొందలో పద్నాలుగు.
నీళ్ల గొట్టాల చుట్టలో ఆరు,
రెండు ఊపితే గుడగుడమన్నాయి.
చున్నీ చెరుగులో మూటగట్టి తెచ్చి చూపిస్తే
"మాషా అల్లా" అంది మామా. అంతే.
అనుమానం తీరినాక రసీదు ఎవరూ ఇయ్యరు.

రాత్రయితే ఇంకో యవ్వారం.
గూడు తలుపు తీసే ఉంటాది,
అవి పోయి సిదర్ చెట్టెక్కుతాయి.
సిదరంటే ఏం లేదు, మన రేగుచెట్టుకు పెద్దక్క,
ముళ్లు కూడా ఆ వంశమే.
పోయిన శుక్రవారం కంచె కింద ఇసక తోడి
పన్నెండోదాన్ని నక్క ఎత్తకపోయింది,
లెక్క చెప్పడానికి ఒక రెక్క మిగిల్చి.

మా రాయచోటి దిక్కు గంప బోర్లిస్తే కథ అయిపాయ.
ఈడ పదకొండు గంపలు యాడ తెచ్చేది?
నాలుగు దినాలు గూట్లోనే మూసినా.
చిన్నోడి పింగ్‌పాంగ్ బంతికి బెజ్జం పెట్టి,
ఇసక నింపి, గడ్డిలో దాచినా,
ఎవరో ముందే పెట్టి పోయినట్టు.
తెల్లపెట్ట ఒక కంటితో చూసి, ఇంకో కంటితో చూసి,
దాని పక్కనే కూలబడింది.
నవ్వొచ్చింది గానీ,
మా చిన్నమ్మ ముందొచ్చిందనే గదా
నేనూ విమానమెక్కింది.

అయిదో నాడు తలుపు తీస్తి.
సందకాడ మళ్లా చెట్టే.

చీకటి పడినాక ఒక్కొక్కదాన్నే దించినా.
రాత్రిపూట వాటికి కండ్లు ఆనవు,
పగలు ఈక తాకనియ్యని చుక్కలపెట్ట కూడా
చంకలో మారు మాట్లాడలే.
వాటితో పాటే గూట్లో కూచున్నా, తలుపేసుకొని,
వాటి కష్టమేందో చూద్దామని.

రేకు ఇంకా పెనం మాదిరి కాగుతాంది.
గాలి రావాల్సిన దిక్కు ప్లైవుడ్ కొట్టేసినారు.
కొయ్య సందుల్లోనుంచి కోడిపేలు
మోచేతి దాకా పాకినాయి.
ముళ్లచెట్టే ఎందుకు మెత్తనో అప్పుడు తెలిసె.

మర్నాడు మజ్జాన్నం మామాను పిలుచుకపోయినా.
అబాయా ఎత్తిపట్టుకొని వంగి,
రేకు తాకి, చటుక్కున చెయ్యి తీసుకుంది.
సాయంత్రానికి వానెట్ నిండా ఖర్జూరం మట్టలు.
ప్లైవుడ్ పీకి జాలీ కొట్టినాము,
కొయ్యలకు కిరసనాయిలు పూసి,
కూచునే కట్టెను నా భుజమెత్తుకు లేపినాము.
పొద్దు గుంకేలోపల గింజలు లోపలే చల్లి
"బా బా బా బా" అని పిలిస్తే
ఇంట్లోనుంచి పెద్దాయన "ఏం కావాల?" అని పలికె.

మిగిలిన మట్టలేం చేసేదని డ్రైవరు జమాల్ అడిగె.
నా గది మీద పరచమంటి.
అదీ రేకే. మూడేండ్లాయ.
లోపల కూచొని ఎవరూ చూడలే.
నేనూ అడగలే.

ఇప్పుడు పది తమంతట తామే ఎక్కుతాయి.
చుక్కలది మాత్రం గూటికీ రాదు, చెట్టుకూ పోదు.
నా మంచం కింద, ఊరికి కార్గో వేసే అట్టపెట్టెలో,
సబ్బులకూ పాలపొడి డబ్బాలకూ నడుమ
రగ్గు మీద గుంత చేసుకుంది.

ఈ పొద్దు తట్టలో ఎనిమిది.
మామా వేలితో లెక్కబెట్టి "జేన్, జేన్" అంది.
తొమ్మిదోది నా నైటీ జేబులో,
తొడకు వెచ్చగా తగులుతాంది.
ఇద్దామనే తెచ్చినా.