పదును

కాక్స్ టౌన్ మార్కెట్ వెనక
హాషం సేట్ దుకాణం లోపలి గదిలో
ఆకుని ఎండిపోనివ్వకపోవడం నా ఉద్యోగం.

ఫిబ్రవరిలో బెంగళూరు గాలికి
పెదవులే చిట్లుతాయి, పొగాకెంత.
నిన్న విప్పిన సంచీ
ఇవాళ వేళ్ల మధ్య నశ్యం.

అందుకే ఈ స్ప్రే సీసా.
ప్రొపిలీన్ గ్లైకాల్ వందకి నాలుగు పాళ్లు,
గ్లిజరిన్ ఒక పాలు,
చివర్న సేట్ పేరు చెప్పని చెర్రీ వాసన ఏదో.
మీటరు ముళ్లు గుచ్చితే పద్దెనిమిది చూపించాలి.
పందొమ్మిదైనా సేట్ ఏమీ అనడు.
ఇరవై అయితే నవ్వుతాడు.
తూకం కదా.

మా అమ్మ కందుకూరు దగ్గర గ్రేడింగ్ కూలి.
తెల్లారగట్ల నాలుక్కి బ్యారన్ తలుపులు తీసిపెట్టి
మంచు లోపలికి నడిచొచ్చేదాకా
ఆడవాళ్లంతా గోడవారన కూర్చునేవాళ్లు.
ఎవరూ ఆకు ముట్టుకోకూడదు.
నేను ముట్టుకుని దెబ్బలు తిన్నాను.

కాసేపటికి అమ్మ ఒకాకు తీసి
చెవి దగ్గర పెట్టుకుని నలిపేది.
గలగలమందా, ఇంకా లేదు.
వేలికి అంటుకుందా, మించిపోయింది.
చప్పుడు లేకుండా ముడుచుకుని
వదలగానే మళ్లీ విచ్చుకుంటే
"ఊఁ" అనేది.
ఆ ఒక్క ఊఁకి పదిహేనుమంది లేచి కొంగులు బిగించేవాళ్లు.

వేలంలో ఓసారి మా రైతు
బేలు నడిమధ్యన నీళ్లు చిలకరించాడు.
కొనేవాడు మోచేతిదాకా చెయ్యి దూర్చి
బయటికి తీసి
తడిని అందరికీ చూపించాడు.
చచ్చిపోయేదాకా ఆయన 'నీళ్ల మాలకొండయ్య'.

ఇక్కడ నా కోటు జేబు మీద
'క్వాలిటీ' అని ఎర్రదారంతో కుట్టి ఉంది.

ఈ శనివారం క్లెమెంట్ గారొచ్చారు.
విమానాల ఫ్యాక్టరీలో ముప్పయ్యొక్క ఏళ్లు
లేత్ పనిముట్లకి సానపట్టిన మనిషి.
కోలారు గనుల్లో నేర్చిన గతుకుల తెలుగు.
"అమ్మాయ్, ఇది మండదు.
వెలిగిస్తా, ఆరిపోతది.
అగ్గిపెట్టె అయిపోయె, పొగాకు అట్లే ఉండె.
పైపు అడుగున కషాయం."

మందు కొట్టనిది కొని
ఇంట్లో యాపిల్ ముక్క వేశారట.
మూడో రోజుకి బూజు.
బంగాళాదుంప తొక్క వేస్తే
పైపు తాగినంతసేపూ కూర వండినట్టుందట.

సేట్ నమాజుకి వెళ్లిన వేళ చూసి
స్ప్రే ఎరగని ఆకు తూచాను.
వెనక పగిలిన పూలకుండీలోంచి
రూపాయి బిళ్లంత పెంకు విరిచి
నీళ్లలో నానేసి, పైతడి తుడిచి
డబ్బా మూతకింద పెట్టిచ్చాను.
ఇదైతే ఆకు అడిగినంతే ఇస్తుంది.

"ఎంత తడి ఉండాల?"
అంకె నోటిదాకా వచ్చింది.
"పదునుగా" అన్నాను.

ఆయన బొటనవేలిని
లేని కత్తి అంచుమీద అడ్డంగా జరిపారు.
"పదునంటే ఇది కదా?"
అదీనండీ.
కాసేపు డబ్బా వంకే చూశారు.
"ఎర్రగా కాల్చిన ఉలి నీళ్లలో ముంచుతాం.
ముంచేది ఎవడైనా ముంచుతాడు.
ఎప్పుడు తీయాలా, అది తెలవాల."
చిల్లర తీసుకోకుండా వెళ్లిపోయారు,
మతిమరుపో ఏమో.

గది మూసేముందు రోజూ
గ్లిజరిన్ డ్రమ్ము మూతకి వేలాడే చుక్కని
అరచేతులకి రాసుకోవడం నాకలవాటు.
ఆకుకీ నాకూ ఒకటే మందు.
ఇవాళ రాసుకోలేదు.

చేతులు చెవి దగ్గర పెట్టుకుని
ఒకదానితో ఒకటి రుద్దాను.
బయట ఆటోల గోల.
అయినా వినపడింది, గలగల.

అమ్మయితే
తలుపులు ఇంకాసేపు తీసే ఉంచమనేది.