మీసం కింద ఇసుక

ఒస్ట్రావాలో ట్రామ్ మలుపు తిరుగుతూ కీచుమనే చోట
మా చేపల కొట్టు.
అది వెళ్ళినప్పుడల్లా అరవై తొట్లలో నీళ్ళు ఉలిక్కిపడతాయి.
చేపలు ఎప్పుడో అలవాటు పడ్డాయి, నాలాగే.

రోజుకు పదిసార్లు అడుగుతాను: ఇసుకా, గులకరాళ్ళా?
జనం రంగు చూసి చెబుతారు.
నిన్న ఒక కుర్రాడికి నీలం గులక కావాలి,
సోఫాకి జోడీ కుదరాలట.
తూచి, మూతి కట్టి, ఇచ్చేశాను.
నా జీతంలో సలహాకి లెక్క లేదు.

ఆ నవంబరు మధ్యాహ్నం వ్రాతిస్లావ్ వచ్చాడు,
ముప్పై ఒక్క ఏళ్ళు బొగ్గు గనిలో దిగిన మనిషి.
మా కొట్టుకి మెట్లు రెండే.
ఆ రెండింటి మధ్యా ఒకసారి ఆగాడు,
వెనకబడిన ఊపిరి వచ్చి కలిసేదాకా.

"కోరిడోరస్ ఆరు కావాలి. వాటికి కింద ఏం పరవాలి?"

ఎక్కం అప్పజెప్పినట్టు చెప్పాను.
గులక అయితే సందుల్లోంచి నీరు ఆడుతుంది,
కానీ తినగా మిగిలింది జారిపోయి అడుగున కుళ్ళుతుంది.
ఇసుకైతే చెత్త పైనే కనిపిస్తుంది,
కానీ పేరుకుని గట్టిపడితే లోపల గాలి చెడుతుంది,
మురిగిన గుడ్డు వాసన, అప్పుడప్పుడూ కెలుకుతుండాలి.

"గాలి చెడటం తెలుసు," అన్నాడు.
ఇంకేమన్నా అంటాడేమోనని చూశాను. అనలేదు.

కోటు జేబులోంచి చిన్న సీసా తీశాడు,
ఇంట్లో దోసకాయలు ఊరేసే వెనిగర్.
తెల్ల గులక మీద చుక్క వేస్తే బుసబుసమని పొంగింది.
"సున్నపురాయి," అని పక్కకు నెట్టాడు.
నల్లగులక నోరు మెదపలేదు. ఇసుకా అంతే.

అప్పుడు గులక గుప్పెడు తీసుకుని
వేళ్ళతో నలిపి, తల అడ్డంగా ఊపి
(ఈ వేళ్ళు అబద్ధాలకోర్లు, వీటికేం తెలియదు అని)
పై పెదవి మీద రుద్దుకున్నాడు,
మీసం పైకెత్తి, కళ్ళు మూసుకుని.
నియాన్ చేపలు కొనడానికొచ్చినావిడ ఒకడుగు వెనక్కి వేసింది.
తర్వాత ఇసుక. అదీ అలాగే. చాలాసేపు.

"దానికి కళ్ళకంటే మీసమే దారి," అన్నాడు,
"చీకట్లో తడుముకుంటూ తినేవాడికి
గోడ గరుకైతే..."
దగ్గు వచ్చి ఆ మాటని తీసుకుపోయింది.

ఇరవై కిలోల ఇసుక బస్తా మూతి విప్పబోయాను.
ఆయన చటుక్కున గుమ్మం దాకా వెళ్ళిపోయాడు,
అరచేయి ముక్కుకి అడ్డం పెట్టుకుని.
పొడి ఇసుకలోంచి లేచే ఆ సన్నని పొగ
నేనెప్పుడూ చూడలేదు, రోజూ చూస్తూనే.

బస్తాని సింకులో పెట్టి, కుళాయి తిప్పి, తడుస్తుండగా కోశాను.
పదకొండుసార్లు కడిగాను.
మొదట పాలు, తర్వాత బియ్యం కడుగు,
చివరికి నా మోచేతి దాకా ఎర్రబడిన చర్మమే కనిపించేంత తేట.
రెండు బకెట్లు ట్రామ్ ఎక్కించాను.
ఆయన వాటి మధ్య కూర్చున్నాడు, ఒక్కో బకెట్ మీద ఒక్కో చేయి.

మార్చిలో మళ్ళీ వచ్చాడు, ఏమీ కొనడానికి కాదు.
"పెరిగాయి," అన్నాడు.
"ఏమిటి?"
"మీసాలు. నువ్విచ్చినప్పుడు మొండిగా ఉన్నాయి కదా."

నలభై ఒకటో తొట్టి ముందు నిలబడ్డాను ఆయన వెళ్ళాక.
కొట్టేసిన రాతి ముక్కల మీద పద్నాలుగు కోరిడోరస్,
మూతులు నున్నగా, అరిగిన చీపుళ్ళలా.
నాలుగేళ్ళుగా తిండి వేస్తున్నది నేనే.

షట్టర్ దించి, యజమానిని అడక్కుండా,
టీ కప్పుతో గులక తోడేశాను. రాత్రి పది దాటింది.
కడిగిన ఇసుక మెల్లగా దిగింది.
ఒకటి వచ్చి మూతి ఆనించింది,
కళ్ళ దాకా దూరింది,
మొప్పల్లోంచి ఇసుక వదిలింది, చలిలో ఊపిరి వదిలినట్టు.
ఆఖరి ట్రామ్ మలుపు తిరిగింది.
నీళ్ళు ఉలిక్కిపడ్డాయి.
అది తల ఎత్తలేదు.