టంకం

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు.
మా ల్యాబులో క్వార్ట్జ్ గొట్టం పగిలింది,
తొమ్మిది వందల డిగ్రీల దగ్గర,
కరెంటు పోయి వచ్చిన ఆ కాస్త సందులో.
మెగ్నీషియం, జింకు పొగై పోయాయి.
నికెలూ బొగ్గుపొడీ
ఎవరికి వారే అన్నట్టు అడుగున మిగిలాయి.

"ఆ రెండూ నిలకడలేని చుట్టాలు మేడం,
ఓ పిడికెడు ఎక్కువే పిలవండి" అన్నాడు ఖాజా మస్తాన్.
కొత్తపేటలో నియాన్ బోర్డులకు గాజు ఊదినవాడు,
ఇప్పుడు మా గొట్టాలకు మూతి మూస్తాడు.
కెమిస్ట్రీ చదవలేదు. మంట రంగు చదువుతాడు.

మేం కట్టేది చాలా చిన్న ఇల్లు.
ఎనిమిది మూలల్లో మెగ్నీషియం,
నేలా కప్పూ కలిపి ఆరు గోడలు, గోడకో నికెల్,
నట్టింట్లో కార్బన్ ఒక్కటే.
ఈ ఇల్లు ఎవరో ఎప్పుడో కట్టేశారు.
మేం మూలల్లో కొందరిని లేపి
జింకును కూర్చోబెడుతున్నాం, అంతే.
ఆ ఇంట్లో ఎలక్ట్రాన్లు జంటలు కట్టి
దేనికీ ఒరుసుకోకుండా నడుస్తాయా అని.

రెండో గొట్టం నిలిచింది.
నల్లటి పొడి.
ఫ్రిజ్ మీది మామిడికాయ బొమ్మ పీకి తెచ్చి
దాని అయస్కాంతం దగ్గర పెట్టాను.
పొడి కదల్లేదు. నికెలంతా ఇంట్లోకి వెళ్ళినట్టే.

ఇక చలి కావాలి.
సున్నాకు రెండు వందల అరవై తొమ్మిది మెట్ల కిందటి చలి.
బ్రాడీపేటలో గోలీసోడా దొరుకుతుంది గానీ
ద్రవ హీలియం దొరకదు.
పొడిని బిళ్ళగా నొక్కి కాల్చి,
నాలుగు తీగలు టంకం పెట్టి,
ఖాళీ బామ్ సీసాలో దూది మధ్య పడుకోబెట్టి
గోల్కొండ ఎక్కింది కెజియా, హైదరాబాదుకు.

మూడో రాత్రి పదకొండింటికి ఫోను.
"మేడం, గీత పడింది!"
"ఎంత దగ్గర?"
"ఏడు పాయింట్ రెండు."

నిద్ర పట్టలేదు.
మిర్చి యార్డు మీంచి గాలి తిరిగి
వరసగా తొమ్మిది తుమ్ములొచ్చాయి.
సంతోషంగానే తుమ్మాను.

తెల్లారి పళ్ళు తోముకుంటుంటే తట్టింది.
ఏడు పాయింట్ రెండు.
పదిహేనేళ్ళుగా సెకండియర్ పిల్లలకు
నేనే బోర్డు మీద రాస్తున్న అంకె.
సీసం.
అందుకే గీత సున్నా దాకా దిగలేదు,
కొంచెం తొణికి ఊరుకుంది.
చలికి లొంగింది మా బిళ్ళ కాదు,
దాన్ని తీగకు అంటించిన చుక్క.

అరండల్‌పేట రేడియో షాపులో ఇరవై రూపాయల ముక్క.
ఎన్ని టేపురికార్డర్లలో, ఎన్ని మిక్సీల్లో
ఇన్నాళ్ళూ తీగల్ని పట్టుకుని కూర్చుందో!
అంత చలిలోకి ఎవరూ తీసుకెళ్ళలేదు పాపం,
తన సంగతి తనకే తెలీదు.

మస్తాన్ నవ్వాడు.
"పెళ్ళికొడుకు పలకలేదు,
తోడువచ్చినవాడు పద్యం పాడాడన్నమాట."
కెజియా మాత్రం నవ్వలేదు.
గొట్టాలు కడగడం మొదలెట్టింది.

టంకం బదులు వెండి పేస్టుకు ఆర్డరు పెట్టాం.
జింకును పావు వంతుకు తగ్గించాం.
సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేస్తే
రెండు నుంచి కోత అన్నారు.
ఇప్పుడు పన్నెండున్నర.
మస్తాన్ మంట వైపే చూస్తున్నాడు,
ఇంకా నీలం రాలేదట.