వికెట్ల వెనక నుంచి

జక్కరయ్యకి పద్నాలుగు అంగలు వెనక నిలబడేవాణ్ణి.
కాలేషాకి, బ్యాట్స్‌మన్ మధ్యాహ్నం తిన్న చేపల పులుసు
వాసన తెలిసేంత దగ్గర.
ఈ రెండు దూరాల మధ్యే
నా ఆదివారాలన్నీ అరిగిపోయాయి.

కందుకూరు కాలేజీ గ్రౌండు.
నల్లరేగడి తోలించి పోసి
శనివారం రాత్రి ట్యాంకరు నీళ్ళు తాగించి
రోడ్ల కాంట్రాక్టరు గడ్డం పట్టుకుని రోలరు తెస్తే
తొమ్మిదింటికి అద్దం.
పదకొండుకల్లా నెర్రెలు.
ఐదో ఓవరు దాటిందా, కొత్త బంతి మెరుపంతా పోయి
ఎండు నిమ్మకాయ.

"ఈ నేల మీద ఫాస్టు దండగరా" అనేవాడు
కెప్టెన్ మాలకొండయ్య.
"పది ఓవర్లు ఎట్టో లాగించి స్పిన్నుకి ఇచ్చెయ్యడమే."
జక్కరయ్య నవ్వేవాడు.
చీమకుర్తి క్వారీలో డ్రిల్లు పట్టే మనిషి.
ప్రార్థన ముగించుకుని రాళ్ళ లారీలో వచ్చి
స్కోరరు బల్ల మీద బైబిలు పెట్టి
చొక్కా చేతులు మడిచేవాడు.
బండలో పొర ఎక్కడుందో చూపుతో పట్టేవాడికి
బ్యాటుకీ ప్యాడుకీ మధ్య సందు ఒక లెక్కా.
బంతి కనపడేది కాదు.
ఒక ఎర్రగీత, ఆ పైన
నా అరచేతిలో క్వారీ పేలుడు.

కాలేషా తీరు వేరు.
బేలు విప్పకుండానే పొగాకు పదును చెప్పేవాడు.
సబ్బుకి లొంగని ఆ జిగురు
ఎప్పుడూ వేళ్ళకుండేది.
బంతిని పట్టేవాడు కాదు, అదే అంటుకునేది.
మూడింటికి సింగరాయకొండ దాటి సముద్రపు గాలి రాగానే
తలగుడ్డ విప్పి అంపైరు చేతిలో పెట్టి
"ఇంక నాది తమ్ముడా" అనేవాడు.
గాల్లో కాసేపు ఆగి, ఆలోచించుకుని,
నెర్రె చూసుకుని దిగేది బంతి.
బాదుదామని ముందుకొచ్చినవాళ్ళు
బాకీ వసూలుకొచ్చి మజ్జిగ తాగి పోయినవాళ్ళలా
వెనుదిరిగేవాళ్ళు.

పదునంటే మా వైపు రెండు:
కొడవలిది ఒకటి, వాన వెలిశాక నేలది ఒకటి.
ఎవరిది ఏ పదునో
నాకంటే తెలిసినవాడు లేడనుకునేవాణ్ణి.

ఆ మే నెల, కావలి వాళ్ళతో ఫైనల్. నలభై ఓవర్లు.
ఆఖరి ఓవరుకి వాళ్ళకి ఎనిమిది కావాలి.
జక్కరయ్యకి ఒకటి మిగిలింది, కాలేషాకీ ఒకటి.
మాలకొండయ్య ఇద్దర్నీ చూసి నా దగ్గరికొచ్చాడు.
"నువ్వు చెప్పు. వెనక నుంచి చూసేది నువ్వేగా."

నా చూపుడువేలు అప్పటికే విరిగి ఉంది,
జక్కరయ్య మూడో ఓవరులో.
ఎవరికీ చెప్పలేదు.

"స్పిన్ను" అన్నాను.
నేలను చూసి చెప్పాననుకున్నాడు వాడు.
వేలును చూసుకుని చెప్పాను.

ఐదు బంతులు, ఐదు పరుగులు.
ఆఖరి బంతికి మూడు.
కాలేషా గడ్డం గోక్కున్నాడు. అది సైగేనేమో,
ఇన్నేళ్ళైనా నాకు తేలలేదు.
ఎన్నడూ వెయ్యనిది వేశాడు:
వేగంగా. జక్కరయ్య వేసినట్టే.
ఎడంచేతివాడి బ్యాటు సగం కూడా దిగలేదు.
స్టంపుకి వెంట్రుకవాసి తప్పి
నా గ్లవ్ అంచు రాసుకుని
మనిషి లేని వైపు
కానుగ చెట్ల దాకా వెళ్ళిపోయింది.

బైస్ నాలుగు, అని రాశారు పుస్తకంలో.
బౌలరు ఖాతాలో చుక్క.

ఫాస్టా స్పిన్నా అని టీకొట్టు దగ్గర
ఇప్పటికీ గొంతులు చించుకుంటారు మావాళ్ళు.
జక్కరయ్య ఆ ఓవరు ఊసెత్తడు.
కాలేషా ఒక్కసారే అడిగాడు,
వేలం కేంద్రంలో బేళ్ళు దింపుతూ:
"ఆ బంతి బాగా పడింది గదా?"
"పడింది" అన్నాను.

తప్పెవరిది మామా, అంటారు కొత్త కుర్రాళ్ళు.
చూపుడువేలు ఎత్తుతాను.
అది సరిగా అతకలేదు, కణుపు దగ్గర లోపలికి తిరిగి
ఎటు చాపినా
నా వైపే చూస్తుంది.