నాలుగు వందల డెబ్బై

మొదటిది చావడానికి రెప్పపాటు కూడా పట్టలేదు.
ఒక కాలికి పసుపు తీగ, ఇంకో కాలికి నల్ల తీగ,
నీలంగా ఒక్క మెరుపు,
మెరుపు తెల్లబడింది,
కాలిన ప్లాస్టిక్ వాసన.
పది ఎల్ఈడీలు కొన్నాను. ఇక తొమ్మిది.

కయానీలో డిసెంబరు. రెండున్నరకే పొద్దు గూకింది.
మంచం మీద పక్కకి పడుకోబెట్టిన కంప్యూటర్ పెట్టె,
దాని డొక్కలో నేను రంపంతో కోసిన కిటికీ.
కోత వంకర. వంకర దాచడానికి అంచు చుట్టూ నల్ల రబ్బరు.
శనివారం స్కూలు జిమ్‌లో యాభైమందిమి
యంత్రాలు మోసుకొచ్చి తెల్లారేదాకా ఆడతాం.
లోపల వెలుగే లేకపోతే
ఈ కిటికీ దేనికి?

టంకం కూడా నిండుకుంది.
కింది అంతస్తు తలుపు తట్టాను.

తైస్తో కర్వోనెన్. కాగితం మిల్లులో ముప్పైనాలుగేళ్లు కరెంటు పని.
మెట్ల మీద ఎదురైతే తలూపుతాడు, అదీ ఒక్కసారే.
చచ్చినదాన్ని వేళ్ల మధ్య తిప్పాడు.
"అడ్డు ఏదీ?"

పన్నెండు వోల్టులే కదా, అడ్డెందుకన్నాను.

అతను అన్ని మాటలు మాట్లాడ్డం నేను వినడం అదే మొదలు:
"మామూలు బల్బుకి కడుపు నిండడం తెలుసు.
దీనికి తెలీదు.
పోసినకొద్దీ తాగుతుంది, తాగినకొద్దీ వేడెక్కుతుంది,
వేడెక్కినకొద్దీ దాహం.
చాలు అనే మాట
దాని బదులు ఇంకొకరు అనాలి."

కరెంటు బిల్లు వెనక, మొండి పెన్సిలుతో:
పన్నెండులోంచి మూడు పాయింటు రెండు తీసెయ్.
మిగిలిన ఎనిమిది పాయింటు ఎనిమిదిని
ఇరవై మిల్లీ ఆంపియర్లతో భాగించు.
నాలుగు వందల నలభై ఓమ్‌లు.
"అది కొట్లో దొరకదు. పైదానికి పో.
కిందిదానికి ఎప్పుడూ పోకు."
నాలుగు వందల డెబ్బై.

బిస్కెట్ డబ్బా మూత తీశాడు.
జీలకర్ర గింజల్లా వందలకొద్దీ, అన్నీ కలగాపులగంగా.
"పసుపు, ఊదా, గోధుమ. ఏరు."
ఏరి, గొప్పగా ఒకటి అతని అరచేతిలో పెట్టాను.
చూడనైనా చూడలేదు.
మీటరు ముళ్లు రెండు కొసలకీ ఆనించాడు.
నాలుగు వేల ఏడు వందలు.

నేను గోధుమ అనుకున్నది ఎరుపు.
ఆ పచ్చటి దీపం కింద రెండూ ఒకేలా ఉన్నాయి.
చూడకుండానే ఎలా పట్టేశావన్నాను.

"చూసినా లాభం లేదు.
ఎరుపు, గోధుమ, ఆకుపచ్చ, నాకు మూడూ ఒకటే బురద."
గింజని డబ్బాలోకి విసిరాడు.
"మిల్లులో ఎవరికీ చెప్పలేదు. చెబితే తీగ ముట్టనిచ్చేవాళ్లా?
అందుకే ప్రతిదీ కొలిచాను.
కళ్లు బాగున్నవాళ్లు ఇద్దరు చేతులు కాల్చుకున్నారు.
నేను పింఛను తీసుకుంటున్నా."

పొడుగు కాలు ప్లస్సు. అంచు నొక్కుకున్న వైపు మైనస్సు.
అడ్డు ఏ కాలికైనా కట్టు, కట్టడం మాత్రం మరవకు.
ప్రతి దీపానికీ దాని అడ్డు దానిదే:
నలుగురిని ఒకే అడ్డు వెనక కూర్చోబెడితే
దాహం ఎక్కువున్నవాడు మిగతా ముగ్గురి వాటా తాగి
ముందు వాడే పోతాడు.
టంకం వేశాక సన్న గొట్టం తొడుగు, లైటరు చూపించు,
అది ముడుచుకుని అతికేదాకా.
"పెట్టె మొత్తం ఇనుము.
లోహం కనబడుతోందంటే పని అవలేదన్నమాట."
గోడలోంచి ప్లగ్గు పీకకుండా లోపల చెయ్యి పెట్టబోతే
మణికట్టు మీద ఒక్కటిచ్చాడు, స్క్రూడ్రైవరు పిడితో.

రాత్రి తొమ్మిదింటికి నాలుగు వెలిగాయి.
అతను మోకాళ్లు పట్టుకుని మెల్లిగా నేల మీద కూర్చున్నాడు,
నా వంకర కిటికీకి ఎదురుగా.
కాఫీ చల్లారింది. లేవడు.
"నీలం," అన్నాడు చివరికి,
నన్ను అడగకుండా.

శనివారం, అర్ధరాత్రి దాటాక,
మూడో వరుసలోంచి ఆ వాసన.
ఎవరో కుర్రాడు, చేతిలో పసుపు తీగ, ముఖం పాలిపోయి.
లేచి వెళ్లాను.
నా జేబులో అగ్గిపెట్టె, అందులో గింజలు.
ఇంకో జేబులో మీటరు.
సోమవారానికల్లా ఇచ్చెయ్యాలి, గట్టిగా చెప్పాడు.