రీలు తెగిన కాడ

మంగళారం, గురువారం, శనివారం
చండూరు నుంచి పొద్దుగాల ఆరింటి బస్సు.
నల్లగొండ పెద్ద దవఖానల
కిటికి పక్క మంచం నాది.
సూదులు రెండు గుచ్చినంక
కరుణ సిస్టరు మిషిను చెవి తిప్పి
"షురువు జేద్దామా అవ్వా, సినిమా?" అంటది.

నాలుగు గంటలు
నా నెత్తురు బయట తిరిగొస్తది.
నేను సినిమాల తిరిగొస్త.

నలుపూ తెలుపుది. ఏడు పాటలు.
జమీందారు మేడల ఆగిపోయిన గడియారాలను
బాగుజేయనీకి ఒకడొస్తడు,
చేతుల పట్టకారు, నోట్ల రాగం.
మేడ మీద ఆ పిల్ల, కింద వీడు,
నడుమ పదిహేడు మెట్లు.
నేను లెక్కబెట్టిన.
మొదటి పాట అయ్యేసరికి పదకొండు మిగుల్తయి.

వంటాయన లడ్డు నోట్ల పెట్టుకున్నప్పుడే
జమీందారు పిలుస్తడు.
ఎన్నిసార్లు జూసినా గప్పుడే పిలుస్తడు.
ఒక్కపారన్న ముందుగాల పిల్వడు,
మింగినంక పిల్వడు.
నా బతుకుల గింత టయానికొచ్చినోళ్లు ఎవలున్నరు?
నూలు షావుకారు గూడ రాలె.

చిటికి కట్టినోళ్లకు ఎరికే.
రంగు ఏడ అంటాల్నో, ఏడ అంటొద్దో
నూలు మీదనే ముడేసి పెడ్తం.
ఎసొంటి పువ్వొస్తదో తెలుసు, ఏడొస్తదో తెలుసు.
అయినా మగ్గం మీద అది ఒక్కో పోగు లేస్తుంటె
పని ఆపి జూస్తం.
ఎందుకు జూస్తరంటె ఏం చెప్తం?

మొదట జూసింది డేరా టాకీసుల,
నేల టికెట్టు, ఇసుక కుప్ప జేసుకొని.
మూడో పాటల
ఆ పిల్ల పక్కకు తిరిగి ఏందో అనబొయ్యింది,
రీలు తెగింది.
తెల్ల తెర. ఈలలు.
చీకట్ల ఎవడో తెగినకాడికెల్లి పాట అందుకున్నడు.
మా ఆయన.
అప్పటికింక మా ఆయన గాదు,
రంగుల కొట్టుకాడ కనబడే పిల్లగాడు, గంతే.
డేరా డేరా నవ్వింది.
నేను నవ్వలె.
తొమ్మిది మాటలు తప్పు పాడిండు.

తెల్లారి మళ్ల పోయిన. ఆడ్నే తెగింది.

యాభై ఏండ్లు,
ఆ పిల్ల ఏమన్నదో అనుకుంటనే ఉన్న.
పడుగు తోడుకుంట అనుకున్న,
ఆయన పోయినంక మూల గూసోని అనుకున్న.
మొన్న మనుమడు ఫోన్ల ఎక్కిచ్చిండు, తెగని సినిమా.
పక్కకు తిరిగి ఏమన్నది?
"ఆ దీపం జర దగ్గరికి జరుపు."
గంతే!
కండ్ల నీళ్లొచ్చేదాంక నవ్విన.
సిస్టరు ఉరికొచ్చి బీపీ జూసింది.

అయినా ఆడికి రాంగనే ఇప్పటికీ ఆపుత.
తొమ్మిది తప్పులు తప్పకుంట
లోపట్నే పాడుకుంట.
అటెనక ఫోను నడుస్తది.

పోయిన శనివారం పక్క మంచానికి కొత్త పిల్ల,
మునుగోడు దిక్కు. ఇంటరంట. అక్షిత.
పైపుల ఎర్రగ పోతున్నదే జూస్తున్నది,
రెప్ప గొట్టకుంట.
చెవి వైరు ఒకటి దానికిచ్చిన,
ఫోను దాని దిక్కు స్టూలు మీద పెట్టిచ్చిన.
"అవ్వా, ఆఖరికి వీడు సచ్చిపోతడా?"
"చెప్పాల్నా?"
"చెప్పు. ముందే తెలిస్తేనే నాకు మంచిగుంటది."
"ఎవలు సావరు బిడ్డా.
గడియారాలన్ని ఒక్కసారే కొడ్తయి. లడ్డు వంటాయనకే."

రెండో పాటకే నిద్రవట్టింది దానికి,
నోరు జర తెరుసుకొని.
నాకు ఒక్క చెవిల పాట, ఇంకో చెవిల మిషిను.
మూడోది రానే వచ్చింది.
ఆపాల్నంటె ఫోను అటు దిక్కు,
నా చెయ్యి సూదుల పాలు.
పిలిస్తె ఆ పిల్ల లేస్తది.
పిల్వలె.

మొదటిపారి తెగకుంట పోయింది పాట.
"దీపం జర దగ్గరికి జరుపు" అన్నది.
ఏం లేదు, మంచిగనే అన్నది.

ఇంకా నాలుగు పాటలున్నయి.