బొక్కలు

ముందు కాళ్లు ఒక బండివి, వెనక గేర్‌బాక్సు ఇంకో బండిది.
రెండూ జపాన్లో పుట్టినయే,
నేను ఆరో తరగతి తప్పిన ఏడు.
ఒకటి నాగపూర్ ఆదివారం సంతల
పాత ఫ్యాన్ రెక్కల కిందికెల్లి లాగిన.
రెండోది, మేనేజరు బంగ్లా ఖాళీ చేసిన పొద్దు
చెత్తకుండీల వెల్లకిల పడి ఉన్నది.
రిమోటు నగరాళే ఇచ్చిండు.
బారెడు యాంటెనా, కొసకు వంకర.
"ఘే ఓదెలూ," అన్నడు, "బండి పోయింది, ఇది మిగిలింది."

మా దిక్కు బొక్కంటే ఎముక.
బొక్కంటే రంధ్రం కూడా.
నలభై ఏండ్లు రెండూ అనుకుంటనే బతికిన, ఎన్నడూ ఆగి చూడలే,
ఈ బండి బొక్కను ఆ బండి బొక్క పక్కన పెట్టి
దీని బొక్కల దాని బోల్టు పట్టదని తెలిసేదాక.
రెండు మిల్లీమీటర్ల తేడా.
గనిల మేము పళ్లచక్రాలు క్రేనుతో లేపుతం,
రెండు మిల్లీలను లెక్కకే పెట్టం.
ఇక్కడ వాటికి పదకొండు రాత్రులు పట్టింది.

నడుమ ఒక రేకు కావాలె.
మూతబడ్డ తెలుగు బడి బోర్డు
గట్టయ్య తుక్కు దుకాణంల గోడకు ఆనుకొని ఉండె.
అల్యూమినియం, మందం మంచిగుంది, వంగది.
కిలో లెక్కన తూచిండు.
అక్షరాలకు వేరే ధర అడగలే.
ఆ బడిలనే నేను ఐదు దాక చదివిన.
'ప్రాథమిక' కాడ ఒక హాక్సా బ్లేడు విరిగింది,
ఇంకోటి వేసి 'పాఠశాల'ల కోసిన.
డ్రిల్లు జారకుండా ముందు పంచి గుద్దాలె గదా,
కొలిచి చూస్తే
ఠ కడుపుల చుక్క
సరిగ్గా బొక్క పడాల్సిన తావులనే ఉన్నది.
పంచి అక్కరలేకపోయింది.

షాకుల్లకు భూలక్ష్మి కుట్టుమిషన్ నూనె.
స్ప్రింగులు రెండు పాత టార్చిలైటువి.
వెనక టైర్లకు ముండ్లున్నయి, ముందటివి నున్నగ అరిగినయి,
సైకిలు పంచరు సొల్యూషన్‌తో అతికిచ్చిన.
డ్రైవరు బొమ్మకు తల లేకుంటే
చదరంగం బంటు తల కోసి పెట్టిన.
షిఫ్టు దిగినోళ్లు తొంగి చూసి
"గిది కూరగాయలు తెస్తదా?" అని పోయిండ్రు.
"తెస్తది, ఉప్పు నువ్వే తెచ్చుకో" అన్న.

మొదటిపారి ట్రిగ్గరు నొక్కితే
బండి వెనక్కి ఉరికి నగరాళే చెప్పును గుద్దింది.
"ఉల్టా! ఉల్టా!" అని కూలబడి నవ్విండు.
గేర్‌బాక్సు తిరగేసి బిగించిన నేనే.
ఎర్ర తీగ నల్లదాని కాడికి, నల్లది ఎర్రదాని కాడికి.
అంతే, ముందు ముందైంది.

ఇగ మట్టిగుట్ట.
బొగ్గు కోసం తవ్విన మన్నంతా
బల్లార్షా అవతల కుప్ప పోసి పెట్టిండ్రు,
దాని మీద తుమ్మలు కూడ మొలిచినయి.
బండి మోకాళ్లు మడుచుకుంట, చాచుకుంట,
బూడిదరంగు దుమ్ము లేపుకుంట ఎక్కింది.
ఒక మూల కుడికి గుంజుతది, ఎందుకో ఇప్పటికీ తెలువది.
సగం కొండ కాడ ఒక రాయెక్కి
గాల్లకు లేసి, పల్టీ కొట్టి,
వెల్లకిల.

పోరగాండ్లు నాకంటె ముందే ఉరికిండ్రు.
పోచం బిడ్డ శ్రుతిక వంగి చూస్తున్నది.
ఇంట్ల తెలుగే మాట్లాడుతది, బడిల మరాఠీ రాస్తది.
"కాకా, అడుగున ఇంకో చక్రం బొమ్మ ఎందుకు గీసినవ్?
నడుమ బోల్టు సుత పెట్టినవ్?"
"చక్రం కాదే. ఠ."
"ట?"
"ట కాదు. కడుపుల నుంచి గాలి రావాలె. ఠ."
బుగ్గలు ఉబ్బిచ్చి అన్నది. దుమ్ము లేచింది.
మళ్ల అనమన్న.
మళ్ల అన్నది,
పక్కన నగరాళే కూడ మెల్లగ అన్నడు,
వాళ్ల ఠ వాళ్లకున్నది గదా.

రెసిస్టరు కమురు వాసన వచ్చేదాక
నాకు సోయి లేదు,
నాలుగు చక్రాలు ఆకాశం దిక్కు తిరుగుతనే ఉన్నయని,
ట్రిగ్గరు మీది వేలు
నేను ఇంకా తియ్యలేదని.